బుడమేరు నీళ్లలో మునిగిన పన్నెండు బాణాలు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. పొద్దున్నే లేచేసరికి విజయవాడ సింగ్ నగర్‌లో మా వీధి కనిపించలేదు. గడప దాకా నీళ్లు. గంట తిరిగేసరికి మంచం కోళ్లు మునిగాయి. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయన్న సంగతి అప్పటికి మాకెవరికీ తెలీదు. మా ఆయన గ్యాస్ బండ, బియ్యం మూట, కాగితాల సంచి పైవాళ్ల పోర్షన్‌లోకి చేరేశారు. నేను కుట్టు మిషన్ తల విప్పి పైమెట్టు మీద పెట్టాను. మా పాప మాత్రం బీరువా మీదున్న విల్లు సంచి ఒక్కటే గుండెలకి హత్తుకుని పైకెక్కింది. బాణాలు పెట్టుకునే గొట్టం మంచం కిందే ఉండిపోయిందని దానికి ఆ రాత్రి చీకట్లో గుర్తొచ్చింది. దిగి తెచ్చుకుంటానని ఒకటే ఏడుపు. అప్పటికి కింద నడుం లోతు నీళ్లున్నాయి.

నీళ్లు తీసి మేం ఇంట్లో అడుగుపెట్టేసరికి వారం దాటింది. గదుల నిండా నల్లటి బురద. గొట్టం దొరికింది కానీ మూత ఊడిపోయి ఉంది. లోపల పన్నెండు బాణాలూ ఉన్నాయి. కుళాయి కింద కడిగి పాత చీర మీద ఆరబెట్టాం. సన్నటి కార్బన్ గొట్టాలతో చేసిన బాణాలు కదా, తుప్పు పట్టేదేముంది అనుకున్నాం. పైకి కొత్తవాటిలాగే మెరిశాయి. పరుపులు, మిక్సీ, ఫ్రిజ్, పుస్తకాలు అన్నీ పోయిన చోట అవి నిలిచాయని నాకెంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. ఆ డజను బాణాల కోసం ఆరు నెలలు జాకెట్లు కుట్టిన డబ్బు పోగేశాను.

కొత్తవి కొనే పరిస్థితి లేక ఆ బాణాల్నే విప్పి, ఇంట్లో మళ్లీ కట్టుకోవడం ఎలా నేర్చుకున్నానో రాస్తున్నాను. విల్లు పట్టే పిల్లలున్న ఇళ్లు మా ఊళ్లో చాలానే ఉన్నాయి. నేను మొదలుపెట్టినప్పుడు ఇదంతా తెలుగులో ఒకచోట చెప్పేవాళ్లు నాకు దొరకలేదు.

ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించాడని, విజయుడన్న ఆయన పేరే ఊరికి వచ్చిందని వింటూ పెరిగినవాళ్లం మేం. మా పాపకి మాత్రం జ్యోతి సురేఖ గారిని చూసి విల్లు మీద మనసైంది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆవిడ మూడు బంగారు పతకాలు గెలిచినప్పుడు ఆ వీడియోలు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఆవిడది కాంపౌండ్, చివర్లలో చక్రాలుండే విల్లు. మా పాప పట్టింది రికర్వ్, చక్రాలు లేకుండా కొనలు ముందుకి వంగి ఉండే విల్లు. వరదకి నెల ముందు పారిస్ ఒలింపిక్స్‌లో అదే రికర్వ్ పట్టే మన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్ కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో కంచు పతకం మ్యాచ్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో ఆగిపోయారు. ఆ రోజు మా పాప అన్నం ముట్టలేదు. అంత ప్రాణం దానికి ఈ ఆటంటే.

దసరా అయ్యాక మళ్లీ గ్రౌండ్‌కి తీసుకెళ్లాను. 30 మీటర్ల దూరం, 80 సెంటీమీటర్ల టార్గెట్. దాని మీద పది వలయాలుంటాయి, ఒక్కో వలయం వెడల్పు 4 సెంటీమీటర్లు. వరదకి ముందు దాని బాణాలు ఎక్కువగా నడిమధ్య ఉండే పసుపులోనో, దాని చుట్టూ ఉండే ఎరుపులోనో పడేవి. ఇప్పుడు ఒకటి 9లో పడితే, అదే చేత్తో వేసిన ఇంకోటి 5లో. మర్నాడూ అంతే. రెండు వారాలు అలాగే గడిచింది. ఇంటికొస్తూ బండి మీద నా వీపుకి తల ఆనించి "నా చెయ్యి పాడైపోయిందమ్మా" అనేది. నిద్రలో కూడా కుడిచేతి వేళ్లు ముడుచుకునేది.

కోచ్ సార్ ఒక రోజు నన్ను పిలిచి, "పాప ఫామ్‌లో తేడా ఏం లేదమ్మా. నిలబడటం, లాగడం, వదలడం అన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి. బాణాలొకసారి చూడండి" అన్నారు. పక్కనే ఉన్న సీనియర్ కుర్రాడు ఒక బాణం తీసి చెవి దగ్గర ఊపాడు. "ఆంటీ, ఇది వినండి" అని నా చేతికిచ్చాడు. లోపల సన్నగా గలగలమంది. బాణం వెనక చివర వింటినారి పట్టే ప్లాస్టిక్ ముక్కని నాక్ అంటారు. దాన్ని ఊడదీసి అరచేతిలో తట్టాడు. నల్లటి ఎండు మట్టి రాలింది. బుడమేరు బురద.

నేను అక్కడే కూర్చుండిపోయాను. బాణం తప్పుని తన తప్పనుకుని పిల్ల రెండు వారాలు కుమిలింది. తన చేతిని తనే నమ్మడం మానేసింది. గురి తప్పితే తప్పనీ, నేర్చుకునే వయసు. కానీ అది ఎవరి తప్పో దానికి తెలియాలి కదా. బాణాలన్నీ ఒకేలా ఉంటేనే అది తెలుస్తుంది. ఆ రోజు నుంచి నేను చేసిన పనంతా అందుకోసమే.

ముందు తూకం. మా మరిది వన్‌టౌన్‌లో బంగారం పని చేస్తాడు. పన్నెండు బాణాలూ మూటకట్టుకుని వాళ్ల కొట్టుకి వెళ్లాను. గ్రాములో నూరో వంతు చూపించే కాటా మీద ఒక్కోటీ పెట్టి తూచాడు. వాటి అసలు బరువు 16 గ్రాములు. అన్నిటికంటే తేలికైంది 16.04 ఉంది. ఏడోది 17.52. "ఒకటిన్నర గ్రాము తేడానా వదినా! బంగారమైతే ఇంకేమైనా ఉందా" అన్నాడు. ఈ ఆటలో బరువులు గ్రాముల్లో కాక గ్రెయిన్లలో చెప్తారు. తుపాకీ గుళ్లు, వాటి మందు తూచేదీ ఆ లెక్కలోనే. ఒక గ్రాముకి 15.43 గ్రెయిన్లు. నాకు ఆ లెక్క ఎక్కక తల పట్టుకుంటే మా మరిది నవ్వి, "మన తులం 180 గ్రెయిన్లే వదినా. పూర్వం తూచిన గురిగింజ దాదాపు రెండు గ్రెయిన్లు" అన్నాడు. అప్పుడు అర్థమైంది. మా పాప ఏడో బాణం పన్నెండు గురిగింజల బరువు ఎక్కువ మోసుకుని ఎగురుతోందన్నమాట. బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే టార్గెట్ చేరేలోపు ఇంకాస్త కిందికి దిగుతుంది. ఏడో బాణం ఎప్పుడూ కిందే ఎందుకు పడుతోందో ఆ కాటా చెప్పింది.

ఇక విప్పడం. నాక్‌లు సులువుగానే ఊడొచ్చాయి. ముందుండే ఇనుప మొన, పాయింట్ అంటారు, అది వేడికి కరిగే జిగురుతో అతికి ఉంటుంది. వేడి చేస్తే వస్తుందని ఎవరో అన్న మాట పట్టుకుని మొదటి రెండు బాణాల చివర గ్యాస్ పొయ్యి మంట మీద పెట్టాను. పాయింట్లు ఊడాయి. దాంతోపాటు కాలిన వాసన కూడా వచ్చింది. కార్బన్ గొట్టమంటే నల్లటి సన్నటి దారాల్ని ఒకరకం లక్కతో అతికించినట్టు ఉంటుంది. ఆ అతుకు మంటకి చెడిపోతుంది. దారాలు అలాగే ఉంటాయి కాబట్టి పైకి ఏమీ కనపడదు. మర్నాడు ఆ కుర్రాడు వాటిని చేత్తో మెల్లగా వంచితే చివర చిటచిటమని చప్పుడొచ్చింది. "ఇవి వెయ్యకూడదు ఆంటీ. విల్లు వదిలేటప్పుడు విరిగితే ముక్కలు చేతిలో దిగుతాయి" అన్నాడు. నా ఒళ్లు జలదరించింది. ఆ రెండింటినీ అక్కడికక్కడే రెండు ముక్కలు చేసేశాను, పొరపాటున కూడా ఎవరూ వాడకుండా.

మిగిలినవాటికి అతను చెప్పిన పద్ధతి వేరు. గిన్నెలో నీళ్లు బాగా మరగబెట్టి, పాయింట్ మునిగే దాకా ముంచి, కాసేపాగి, పట్టకారుతో పట్టుకుని తిప్పుతూ లాగాలి. రాకపోతే మళ్లీ ముంచాలి. తొందరపడకూడదు. పది బాణాలకి ఒక సాయంత్రం పట్టింది. లోపలి మట్టి తీయడానికి సన్నటి తీగ చివర లైనింగ్ గుడ్డ పీలిక చుట్టి, తుపాకీ గొట్టం తుడిచినట్టు తుడిచాను. ఆరో పీలిక కూడా నల్లగానే వచ్చింది. తొమ్మిదో పదో పీలిక తెల్లగా వచ్చాక ఆపాను.

ఆ వంచి వినే పరీక్ష ప్రతి తల్లీ తండ్రీ నేర్చుకోవాలని గట్టిగా చెప్తాను. బాణాన్ని రెండు చివర్లా పట్టుకుని, మొహానికి దూరంగా, కొద్దిగా విల్లులా వంచి చప్పుడొస్తుందేమో వినాలి. కొంచెం తిప్పి మళ్లీ వంచాలి, చుట్టూ అలాగే. తర్వాత రెండు చివర్లూ ఎదురెదురుగా మెలిపెట్టి చూడాలి. చప్పుడొచ్చినా, గోటికి పగులు తగిలినా ఆ బాణం పక్కన పెట్టేయాలి. ఎంత ఖరీదైనా సరే. మావాటిలో ఇంకోటి ఈ పరీక్షలో పోయింది. ఇంకా తొమ్మిది.

మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తారు. అప్పటిదాకా ఇదంతా నా పిచ్చి అనుకున్న మనిషి, స్పైన్ గురించి చెప్పగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. స్పైన్ అంటే బాణం ఎంత బిగువుగా ఉందీ అని. వేళ్లతో వదిలినప్పుడు నారి తిన్నగా పోదు, వేళ్ల మీద నుంచి జారుతూ కొంచెం పక్కకి తప్పుకుంటుంది. ఆ తోపుకి బాణం పాములా అటూ ఇటూ వంగుతూ బయల్దేరుతుంది. అన్ని బాణాలూ ఒకేలా వంగితే ఒకే చోటికి పోతాయి. కొలిచే పద్ధతి ఇది: గొట్టాన్ని 28 అంగుళాల ఎడంలో రెండు ఊతల మీద పెట్టి, నడిమధ్య 880 గ్రాముల బరువు వేలాడదీసి, ఎంత కిందికి వంగిందో చూడాలి. అంగుళంలో వెయ్యో వంతుల్లో దాన్ని చెప్తారు. మా పాప బాణాల మీద 1000 అని ఉంటుంది. అంటే సరిగ్గా ఒక అంగుళం వంగుతుందని. పెద్దవాళ్ల గట్టి విళ్లకి 500, 400 అలా ఉంటాయి. అంకె తగ్గేకొద్దీ బిగువు ఎక్కువ.

మా ఆయన ఒక యాంగిల్ ముక్కకి రెండు బేరింగులు బిగించి, లేత్ దగ్గరుండే డయల్ గేజి మధ్యలో పెట్టి, 880 గ్రాములకి ఇనప దిమ్మ కోసి తెచ్చారు. మా పాపవి 27 అంగుళాలకి కోసిన బాణాలు, 28 అంగుళాల ఎడానికి అందవు. అందుకని 26 అంగుళాల ఎడం పెట్టుకున్నాం. దానివల్ల గొట్టం మీద ఉన్న అంకె రాదు, 20 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వచ్చింది. మాకు కావలసింది వాటిలో వాటికి తేడా. ఎనిమిది బాణాలు అర మిల్లీమీటరు లోపే ఉన్నాయి. పదో నెంబరుది మాత్రం 22 దాటింది. చెవికి చిక్కని పగులేదో లోపలుంది. అదీ తీసేశాం. అర్ధరాత్రి దాకా ఇద్దరం నేల మీద కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకున్నాం. పాప మా మధ్యలోనే నిద్రపోయింది.

అదే నెంబరు గొట్టాలు నాలుగు కొన్నాం. గొట్టం ఒక్కటే కొంటే పూర్తి బాణం ధరలో చాలా తగ్గుతుంది. వాటిని కోయడం ఆటోనగర్‌లోనే. హాక్సా బ్లేడు పెట్టకూడదు, పైపులు కోసే కట్టర్ అసలే పెట్టకూడదు. కార్బన్ చీలికలవుతుంది. వేగంగా తిరిగే సన్నటి రాతి చక్రంతో, గొట్టాన్ని తిప్పుతూ కోయాలి. వచ్చే నల్లటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డ దగ్గరుంచుకుని కోశారు. పొడవు విషయంలో పిల్లలకి ఒక జాగ్రత్త ఉంది. వాళ్లు ఎదుగుతుంటారు, చేతులు సాగుతాయి. బాణం పొట్టిదైపోతే పూర్తిగా లాగినప్పుడు మొన, విల్లు మీద బాణాన్ని ఆనించే రెస్ట్ మీద నుంచి లోపలికి జారి, వదలగానే విల్లు పట్టిన చేతిలో గుచ్చుకునే ప్రమాదముంది. అందుకే మా కోచ్ సార్ ఎప్పుడూ ఒక అంగుళం ఎక్కువే ఉంచమంటారు.

పాయింట్లు తిరిగి పెట్టడంలో మెలకువ ఒక్కటే. గొట్టాన్ని వేడి చేయకూడదు. పాయింట్‌ని పట్టకారుతో పట్టుకుని వేడి చేసి, దాని కాడకి జిగురు పూసి, తిప్పుతూ గొట్టంలోకి దించాలి. తక్కువ వేడికే కరిగే జిగురు వాడాలి. ఎండాకాలంలో తలుపులు మూసిన కారులో బాణాలు వదిలేయొద్దని కూడా ఆ కుర్రాడు చెప్పాడు.

ఇక ఈకలు. నేను చెప్పదలుచుకున్నదంతా నిజానికి ఇక్కడే ఉంది, ఎందుకంటే నెల రోజులు ఇదే పని చేశాను. పూర్వం గద్ద ఈకలో, బాతు ఈకలో కట్టేవారు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వస్తాయి, వేన్ అంటారు. మేం వాడేవి అంగుళం ముప్పావు పొడవు. ఒక్కో బాణానికి మూడు, 120 డిగ్రీల ఎడంలో. వాటిని అతికించే పనిముట్టు జిగ్. బాణాన్ని నాక్ దగ్గర పట్టి ఉంచుతుంది, ఒక వేన్ అయ్యాక చక్రాన్ని ఒక మెట్టు తిప్పితే రెండో వేన్ చోటు సరిగ్గా పైకొస్తుంది. వేన్‌ని పట్టుకునే క్లాంపు అయస్కాంతంతో జిగ్‌కి అతుక్కుంటుంది. ఆ కుర్రాడి జిగ్ వారం అడిగి తెచ్చుకున్నాను. తర్వాత మాకే ఒకటి కొనుక్కున్నాం.

పాత జిగురు గీకడానికి పదునైన కత్తి వాడితే కార్బన్ దారాలు తెగుతాయి. నేను బట్ట మీద గీత గీసే ఎముక ముక్కతో గీకాను, బాగా పనిచేసింది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన దూదితో తుడవాలి, తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టకూడదు. నా మొదటి మూడు బాణాల వేన్‌లు మర్నాటికే లేచిపోయాయి. జిగురు మంచిది కాదేమో అనుకుని ఇంకోటి తెప్పించాను. అదీ అంతే. నాలుగో రోజు తట్టింది: పొద్దున్నే పాపకి కొబ్బరినూనె రాసి జడలు వేసి, ఆ చేతులతోనే కూర్చుంటున్నాను. సబ్బుతో కడిగినా గోళ్ల పక్కన నూనె ఉండనే ఉంటుంది. ఆ తర్వాత ఈ పని రాత్రిళ్లకి మార్చాను, వేన్ అడుగు భాగం కూడా ఆల్కహాల్‌తో తుడవడం మొదలుపెట్టాను. ఇప్పటిదాకా మళ్లీ ఒక్కటీ దానంతట అది ఊడలేదు.

జిగురు గీత సన్నగా ఉండాలి. ఎక్కువ పెడితే గట్టిగా అతుకుతుందనుకోవడం పొరపాటు. పక్కలకి కారి గట్టిపడి, బరువు పెరుగుతుంది, మూడు వేన్‌లూ మూడు తీరులవుతాయి. మిషన్ మీద అంచు కుట్టేటప్పుడు చూపు సూది మీద కాకుండా అంచు మీద పెడతాం కదా, ఇక్కడా అంతే. నా చూపు ట్యూబు మొన మీద కాక వేన్ అంచు మీద నిలిపినప్పటి నుంచి గీత తిన్నగా వచ్చింది. క్లాంపు దించి నెమ్మదిగా నొక్కి, ఒక నిమిషం ఆగాలి. ఈ జిగురు గాల్లోని తేమతోనే గట్టిపడుతుంది. వానాకాలంలో మన ఊళ్లో నిమిషం కూడా అక్కర్లేదు, కాబట్టి దించేలోపే సరిచూసుకోవాలి. వాడనప్పుడు గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఆఖరున ప్రతి వేన్ ముందు చివర, వెనక చివర ఒక్కో చుక్క. టార్గెట్‌లో దూరినప్పుడు మొదట లేచేది ముందు చివరే.

మూడు వేన్‌లలో ఒకటి వేరే రంగు. రికర్వ్‌లో అది విల్లుకి అవతలి వైపు, బయటికి చూడాలి, లేకపోతే వేన్ విల్లుకి రాసుకుంటుంది. పాప పసుపు ఒకటి, గులాబి రెండు ఎంచుకుంది. నాలుగు బాణాలకి నాక్ కొంచెం తిరిగి ఉన్నది చూసుకోకుండా అతికించి, అన్నీ పీకి మళ్లీ చేశాను. రెండో నెల వచ్చేసరికి పన్నెండు బాణాలు ఒకదాని పక్కన ఒకటి పెడితే వేన్‌లు ఒక గీత గీసినట్టు వచ్చాయి. ఆ రోజు వాటిని కిటికీ మీద నిలబెట్టి ఎంతసేపు చూశానో.

బాణం వెనక చివరని, ఈకలుండే చోటుని, పాత తెలుగులో పుంఖం అంటారని మా నాన్నగారు చెప్పారు. పుంఖానుపుంఖాలుగా అని మనం రోజూ అనే మాట అక్కడిదే. ఒక బాణం పుంఖానికి ఇంకో బాణం తగిలేలా వరసగా వేయడం. ఆ మాట నిజంగా జరిగే ఆట ఇది. అలా జరిగినప్పుడు నాక్ పగులుతుంది, గొట్టం చీలుతుంది. గ్రౌండ్‌లో అందరూ చప్పట్లు కొడతారు, ఆ రాత్రి నాకు పని పడుతుంది.

మళ్లీ తూకం. నేనూ ఒక చిన్న కాటా కొన్నాను. పన్నెండు బాణాలూ 16.02 నుంచి 16.11 గ్రాముల మధ్య వచ్చాయి, అంటే గ్రెయినున్నర లోపు తేడా. మా మరిదికి ఫోన్ చేసి చెప్తే, "ఇప్పుడు మా కొట్లో కూర్చోవచ్చు వదినా" అన్నాడు.

ఇక బాణం విల్లుకి సరిపోయిందో లేదో చూసే పరీక్ష. వేన్‌లు లేని ఉత్త బాణాలు రెండు తయారు చేయాలి. బేర్ షాఫ్ట్ అంటారు. 20 మీటర్ల నుంచి మూడు మామూలువి, ఈ రెండూ వేయాలి. ఈకలు బాణం తప్పుల్ని కప్పేస్తాయి, ఉత్త బాణం ఏదీ దాచదు. మా పాపది కుడిచేతి వాటం. ఉత్త బాణాలు రెండూ మామూలు బాణాల గుంపుకి జానెడు ఎడమగా పడ్డాయి. కుడిచేతి వాళ్లకి ఎడమకి పడితే బాణం బిగువు ఎక్కువని, కుడికి పడితే మెత్తన ఎక్కువని అర్థం. మొన బరువు పెంచితే బాణం మెత్తగా వంగుతుంది. మేం పెట్టినవి 80 గ్రెయిన్ల పాయింట్లు. సార్ సలహా మీద 100 గ్రెయిన్లవి తెప్పించి, మళ్లీ వేడినీళ్ల గిన్నె, మళ్లీ పట్టకారు. ఈసారి ఉత్త బాణాలు గుంపు పక్కనే, నాలుగు వేళ్ల దూరంలో పడ్డాయి. సార్ చూసి "చాలమ్మా, ఇంక ముట్టుకోవద్దు" అన్నారు.

పోటీల్లో ప్రతి బాణం గొట్టం మీదా ఆటగాళ్ల పేరో పొడి అక్షరాలో ఉండాలని, ఒక వరసలో వేసే బాణాలన్నిటికీ వేన్‌ల రంగు, నాక్‌ల రంగు ఒకటే ఉండాలని నియమం. పాప తన పొడి అక్షరాలు తనే రాసుకుంది. నేను పక్కన 1 నుంచి 12 దాకా అంకెలు వేశాను. ఒక నోటు పుస్తకంలో టార్గెట్ బొమ్మలు గీసి, ఏ అంకె ఎక్కడ పడిందో ప్రతి ప్రాక్టీసులోనూ రాస్తాం. ఆరు బాణాల్లో ఐదు ఒకచోట, ఒకే అంకెది పదే పదే వేరేచోట పడితే అది పక్కకి తీసి రాత్రికి చూస్తాను. ఇప్పటిదాకా అలా నాలుగుసార్లు దొరికాయి. రెండుసార్లు నాక్ సన్నగా పగిలింది, ఒకసారి వేన్ ముందు చివర లేచింది, ఒకసారి మాత్రం పాయింట్ వదులైంది. అన్నీ పది నిమిషాల్లో తేలిపోయే పనులే.

మొన్న డిసెంబర్‌లో ఒక ఉదయం, 30 మీటర్ల మీద, ఐదు బాణాలు పసుపులో పడ్డాక ఆరోది ఎరుపు దాటి 6లో పడింది. నేను కూర్చున్నచోటే బిగుసుకుపోయాను. పాప టార్గెట్ దగ్గరికి నడిచి, ఆ బాణం అంకె చూసింది. తొమ్మిది. పుస్తకం తెరిచి తొమ్మిది ఇంతకుముందు ఎక్కడెక్కడ పడిందో చూసుకుంది. వెనక్కొచ్చి, "బాణం మంచిదేనమ్మా. ఇది నాదే, వదిలేటప్పుడు మోచెయ్యి దించేశాను" అంది. నీళ్లు తాగి, మళ్లీ వెళ్లి గీత మీద నిలబడింది.

ఈ సంక్రాంతి తర్వాత విల్లు లింబులు, అంటే పైనా కిందా వంగే రెక్కలు, మార్చి లాగే బరువు పెంచుతామన్నారు సార్. అప్పుడు 1000 సరిపోదు, ఇంకా బిగువైన గొట్టాలు కావాలి. కోత, తూకం, వేన్‌లు అన్నీ మళ్లీ మొదటి నుంచే. 880 గ్రాముల ఇనప దిమ్మ బీరువా మీద, విల్లు సంచి పక్కనే పెట్టాను.